పండుగ బడ్జెట్‌లో నిద్ర పద్దు

అందరికీ వందనాలు. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండి, ముందు వరుస ఖాళీగానే ఉంది. ముందు వరుస ఎప్పుడూ ఖాళీయే కదా. (నవ్వులు)

మాట్లాడమని నాకిచ్చిన విషయంలో మూడు ముక్కలున్నాయి. క్రిస్మస్‌కి కుటుంబమంతా కలవడం, ఖర్చు అదుపులో పెట్టుకోవడం, విశ్రాంతి. విడివిడిగా చూస్తే మూడూ తేలికే. ఖర్చు తగ్గాలంటే ఎవరినీ పిలవకపోతే సరి. విశ్రాంతి కావాలంటే తలుపేసుకొని పడుకుంటే సరి. మూడూ ఒకే ఇంట్లో, ఒకే వారంలో జరగాలన్నప్పుడే ఏదో ఒకటి చెయ్యి జారుతుంది. ఎక్కువగా జారేది విశ్రాంతి, ఎందుకంటే దానికి బిల్లు రాదు.

అందుకే పండుగ లెక్క రాసే కాగితం మీద మూడు పద్దులు గీయమంటాను: డబ్బు, గంటలు, నిద్ర. మనం మొదటిదే రాస్తాం. దాన్ని తగ్గించామని మురిసిపోతాం. తగ్గిన డబ్బు ఎక్కడికి పోయిందని వెతికితే, ఇంట్లో ఎవరో ఒకరి నడుం మీదికి, కళ్ళ మీదికి పోయి ఉంటుంది.

లెక్క చూడండి. 20 మందికి ఇంట్లోనే భోజనం అనుకుందాం. జాబితా రాసి సరుకులు తెచ్చేసరికి 2 గంటలు. కడగడం, తరగడం, నానబెట్టడం 3 గంటలు. పొయ్యి దగ్గర 4. వడ్డన 2. అంట్లు తోమి, ఇల్లు తుడిచి, అన్నీ ఎక్కడివక్కడ సర్దేసరికి 3. మొత్తం 14 గంటలు. నలుగురు పంచుకుంటే మనిషికి మూడున్నర గంటలే, నవ్వుకుంటూ అయిపోతుంది. ఒక్కరే చేస్తే అది రెండు రోజుల కూలి పని. బయటినుంచి తెప్పించిన భోజనం కన్నా మనింటి భోజనం చవకే, కాదనను. ఆ 14 గంటలు ఎవరివో కాగితం మీద పేర్లు రాశాక కూడా చవకగా కనిపిస్తే అప్పుడు వండండి.

ఇప్పుడు తేదీ గురించి. చాలామంది ఇక్కడే ఓడిపోతారు. 24 రాత్రి ఆరాధన, 25 ఉదయం ఆరాధన, 25 మధ్యాహ్నం 20 మందికి విందు. మధ్యలో నిద్ర ఎక్కడుంది? 25నే కలవాలని ఎవరూ శాసించలేదు. క్రిస్మస్ అంటే ఒక్క రోజు కాదు, 25 నుంచి జనవరి 6న వచ్చే ఎపిఫనీ పండుగ దాకా పన్నెండు రోజుల పండుగ అని పాశ్చాత్య సంఘంలో చాలా పాత మాట. సా.శ. 567లో ఫ్రాన్స్‌లోని టూర్స్‌లో జరిగిన సంఘ సభ ఆ రోజులన్నిటినీ పండుగ దినాలుగానే లెక్కపెట్టింది. పాత జూలియన్ క్యాలెండర్ పాటించే సంఘాలకైతే మన క్యాలెండర్ ప్రకారం ఇప్పుడు క్రిస్మస్ వచ్చేదే జనవరి 7న. కాబట్టి 27నో, ఆ తర్వాతి శనివారమో అందరూ కలిస్తే పండుగకేమీ లోటు రాదు. ఇంకో లాభం కూడా ఉంది. ఆసుపత్రిలో, రైల్వేలో, పోలీసు శాఖలో షిఫ్టులు చేసేవాళ్ళకి 25న సెలవు దొరకదు. ఏటా వాళ్ళ కుర్చీయే ఖాళీగా ఉంటుంది. తేదీ జరిపితే వాళ్ళూ వస్తారు.

పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు ఇద్దరూ 25నే రమ్మంటే? ఒకే రోజు రెండిళ్ళూ తిరగడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. రెండు భోజనాలు, రెండు ప్రయాణాలు, కారులో నిద్రపోయి మళ్ళీ లేచి ఏడ్చే పిల్లలు, రెండిళ్ళలోనూ “అప్పుడే వెళ్తారా” అనే మాట. సరి సంవత్సరం ఒకరింట్లో, బేసి సంవత్సరం మరొకరింట్లో అని రాసుకోండి. ఈ మాట డిసెంబరులో ఎత్తకండి, అప్పటికే ఎవరి ఆశలు వాళ్ళకుంటాయి. జనవరిలో, పండుగ అలసట ఇంకా ఒంట్లో ఉన్నప్పుడు అడిగితే అందరూ ఒప్పుకుంటారు.

పిలిచేటప్పుడు రావలసిన సమయంతోపాటు ముగిసే సమయం కూడా చెప్పండి. “ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా కలుద్దాం” అంటే ఎవరూ నొచ్చుకోరు. అది చెప్పకపోతే 5 గంటలకి టీ, 7 గంటలకి “ఎలాగూ ఉన్నారు కదా, ఏదో ఒకటి తినేసి వెళ్ళండి”, అలా రెండో భోజనం తయారవుతుంది. ఆ రెండో భోజనం ఏ బడ్జెట్‌లోనూ ఉండదు, వండేవాళ్ళ ఓపికలోనూ ఉండదు.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను, మీకు తెలియనివేం కావు. పోయినేడాది పండుగకి ఎంతైందో గుర్తున్నంత వరకు రాయండి. తిండి, కానుకలు, బట్టలు, ప్రయాణం అందరూ రాస్తారు. మర్చిపోయేవి గ్యాసు, పెట్రోలు, పిల్లలకి చేతిలో పెట్టే డబ్బు, చర్చి కానుక. దేవునికీ లేనివాళ్ళకీ ఇవ్వదలచుకున్నది మొదటి వరుసలో రాయండి. చివర రాస్తే మిగిలిందే ఇస్తాం, సాధారణంగా ఏమీ మిగలదు. వచ్చిన మొత్తానికి పదో వంతు కలిపి 11తో భాగించండి. 12తో కాదు, డిసెంబరులో ఖర్చు పెట్టాలి కాబట్టి నవంబరుకే డబ్బు చేతిలో ఉండాలి. నెలనెలా అంత తీసి పక్కన పెట్టండి. ఇప్పుడిక అంత సమయం లేదంటారా, ఉన్నదెంతో ముందు తేల్చి దానికి తగ్గట్టు మనుషుల్ని కాదు, వంటకాల్ని తగ్గించండి. క్రెడిట్ కార్డు మీద నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది. చక్రవడ్డీతో ఏడాదికది 42 శాతం దాటుతుంది. అప్పు చేసి పప్పుకూడు అంటే ఇదే, పైగా ఆ పప్పు వచ్చే క్రిస్మస్ దాకా అరగదు.

కానుకల దగ్గర కాసేపు ఆగుదాం, ఇందులో గణితముంది. 12 మంది పెద్దలున్న కుటుంబంలో ప్రతి ఒక్కరూ మిగతా అందరికీ కానుకివ్వాలంటే, 12ని 11తో గుణిస్తే, 132 కానుకలు. చీటీలు వేసుకొని ఒక్కొక్కరు ఒక్కరికే ఇస్తే 12. అందరికీ ఒకటి దక్కుతుంది, 120 పొట్లాలు తగ్గుతాయి. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త 1993లో అచ్చయిన పరిశోధనలో ఇలాంటి కానుకల్ని లెక్కగట్టాడు. పుచ్చుకున్నవాళ్ళ దృష్టిలో వస్తువు విలువ, ఇచ్చినవాళ్ళు పెట్టిన ధరకన్నా పదో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువగా తేలింది. అంటే వాళ్ళకేం కావాలో తెలియక కొన్నదాంట్లో కొంత గాలిలో కలిసిపోతోంది. ఒక్కరికే కొనాల్సి వస్తే “నీకేం కావాలి” అని అడిగే తీరికైనా ఉంటుంది.

చీటీలు తీసేటప్పుడు ఒక చిక్కొస్తుంది. టోపీలో పేర్లు వేసి తీస్తే ఎవరికో ఒకరికి వాళ్ళ చీటీ వాళ్ళకే వస్తుంది, మళ్ళీ మొదలెడతారు. దురదృష్టం అనుకోకండి. ఐదుగురున్నా యాభై మందున్నా, ఎవరో ఒకరికి సొంత పేరు వచ్చే అవకాశం దాదాపు 63 శాతం. సగటున మూడు సార్లు తీస్తే గాని ఒకసారి కుదరదు. దీనికి తేలిక మార్గముంది. పేర్లన్నీ కలగలిపి ఒక్కో చీటీ తీస్తూ వరుసగా గుండ్రంగా పేర్చండి. ప్రతి ఒక్కరూ తన తర్వాతి పేరుకి ఇవ్వాలి. చివరివాళ్ళు మొదటివాళ్ళకి. భార్యాభర్తలు పక్కపక్కన వస్తే ఒక చీటీ జరిపితే చాలు. రహస్యంగా ఉండాలంటే ఆటలో లేని పిల్లాడెవరితోనైనా పేర్పించండి.

ధరకి పై హద్దు పెడతారు, కింది హద్దు మర్చిపోతారు. ఒకరు హద్దుకి రెట్టింపు పెట్టి కొంటే వచ్చే ఏడాదికి హద్దే ఉండదు, ఒకరు సగానికి కొంటే మొహాలు మాడతాయి. ఇంత నుంచి ఇంత అని రెండూ చెప్పండి. ఈ పద్ధతిని ఎవరు ప్రతిపాదిస్తారన్నది పద్ధతికన్నా ముఖ్యం. చేతిలో డబ్బు తక్కువున్న కోడలో, చిన్న తమ్ముడో ఈ మాటెత్తితే అది వాళ్ళ ఇబ్బందిగానే వినిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు, ఇవ్వగలిగిన స్తోమత ఉన్నవాళ్ళు ముందు అనాలి. అది కూడా అక్టోబరులోనే. ముందుగా కొని పెట్టుకునేవాళ్ళు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు.

డబ్బుకి బదులు సేవ కానుకగా ఇస్తామంటారు కొందరు. “ఒక పూట నీ పిల్లల్ని నేను చూసుకుంటాను” అని కార్డు మీద రాసిస్తారు. చాలా మంచి కానుక, చాలా వరకు వసూలు కాని కానుక కూడా. కారణం ఒక్కటే, తేదీ ఉండదు. “జనవరి రెండో శనివారం, ఉదయం 10 నుంచి 2” అని రాయండి. అప్పుడది పూర్తి కానుక.

దీపాల సంగతి అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. వంద చిన్న పాతకాలపు బల్బుల తీగ సుమారు 40 వాట్లు తీసుకుంటుంది, ఎల్ఈడీ తీగ 5 వాట్లు. రోజుకి 6 గంటల చొప్పున 20 రోజులు వెలిగిస్తే పాతది 4.8 యూనిట్లు, కొత్తది 0.6. తేడా నాలుగు యూనిట్ల పైచిలుకు. ఉన్నవి బాగా పనిచేస్తుంటే ఆ నాలుగు యూనిట్ల కోసం కొత్తవి కొనడం పొదుపు కాదు, షాపింగు.

ఇక వంటగదిలోకి వెళ్దాం. ఎక్కువ సమయం దీనికే పెడతాను.

బైబిల్లో నిర్గమకాండం 16వ అధ్యాయంలో మన్నా సంగతి మీకు తెలిసిందే, అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడు పంపిన ఆహారం. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. దాచుకుంటే పురుగు పట్టింది. ఆరో రోజు మాత్రం రెండంతలు ఏరుకున్నారు, ఆ రాత్రి దాచిందానికి పురుగు పట్టలేదు, ఏడో రోజు ఎవరూ బయటికి వెళ్ళనక్కర్లేకపోయింది. విశ్రాంతి దినానికి వంట సంగతి అక్కడ ముందు రోజే తేలిపోయింది. మన దగ్గర ఆ ముందు రోజు 24వ తేదీ అయితే ఇబ్బంది, ఆ రోజు చర్చి పనే సరిపోతుంది. 27న విందు పెట్టుకుంటే 26 ఖాళీగా దొరుకుతుంది. పైగా మన్నాలా కాకుండా మన కూరకి ఏ రాత్రి దాచినా పురుగు భయం ఉంది, అందుకే కొలతలు చెప్పుకుందాం.

ముందు పొయ్యిల లెక్క. మీ స్టవ్‌కి ఎన్ని బర్నర్లున్నాయో చూసి, వడ్డించే ముందు అరగంటలో వేడి చేయాల్సిన వంటకాలు అంతకన్నా ఒకటి తక్కువే ఉండేలా చూడండి. చాలా ఇళ్ళలో భోజనం ఆలస్యమయ్యేది వంట రాక కాదు, నాలుగు గిన్నెలు రెండు బర్నర్ల కోసం వరుసలో నిలబడటంవల్ల. ఒక ప్రధాన వంటకం, రెండు పక్క వంటకాలు, చల్లగా తినేది ఒకటి, ఒక తీపి. 20 మందికి ఇది చాలు. ఏడో వంటకం, ఎనిమిదో వంటకం తిన్నానని ఎవరూ గుర్తు పెట్టుకోరు, తోమినవాళ్ళకే గుర్తుంటుంది.

కొలతలు. అన్నం ప్రధానమైతే పెద్దవాళ్ళకి మనిషికి 100 గ్రాముల బియ్యం. ఎముకతో ఉన్న మాంసమైతే మనిషికి 250 గ్రాములు, ఎముక లేనిదైతే 150. రెండు రకాల మాంసం పెడితే రెండూ పూర్తి లెక్కన వండకండి, ఒక్కోటి మూడింట రెండు వంతులు చాలు. పదేళ్ళలోపు పిల్లలకి సగం. చివరికి మొత్తం మీద ఒకే ఒక్కసారి 20 శాతం కలపండి. ఒక్కసారి అని ఎందుకంటున్నానంటే, సరుకులు తెచ్చినాయన “ఎందుకైనా మంచిది” అని 20 శాతం ఎక్కువ తెస్తాడు, వండినావిడ మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు మరో 20 శాతం కలుపుతుంది. 1.2ని 1.2తో గుణిస్తే 1.44. అలా 20 మంది భోజనం దాదాపు 29 మందిది అవుతుంది. మిగిలింది పారేసేటప్పుడు మనం తిట్టుకునేది అతిథుల్ని, తప్పు గుణకారంలో ఉంది.

అందరూ తలా ఒకటి తెచ్చే పద్ధతి డబ్బుకీ గంటలకీ కూడా మంచిదే, కానీ “ఏదో ఒకటి తీసుకురండి” అన్నారో, పదిమంది చేతిలో పాము చావదు. నలుగురు తీపే తెస్తారు, కూర ఎవరూ తేరు. వంటకం పేరు, ఎంతమందికి సరిపడా, ఏ గిన్నెలో, ఎన్ని గంటలకి, ఈ నాలుగూ చెప్పండి. దూరం నుంచి వచ్చేవాళ్ళకి వేడి చేయనక్కర్లేనివి ఇవ్వండి: పళ్ళు, బ్రెడ్డు, పానీయాలు, మంచు. దగ్గరివాళ్ళకి వేడి వంటకాలు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే ఆ ఒక్క కుటుంబం ఉంటుంది చూశారూ, వాళ్ళకి తీపి ఇవ్వండి. (నవ్వులు) చిన్న పిల్లల తల్లికి, ముసలివాళ్ళని చూసుకునేవాళ్ళకి వంట పని వద్దు. కాగితం పళ్ళేలు తెమ్మనండి, చాలు.

గడ్డకట్టిన మాంసం విషయంలో ఏటా ఒకే తప్పు జరుగుతుంది. రాత్రి బల్ల మీద పెట్టి పొద్దున వండుతారు. లోపల మంచు కరగకముందే పైభాగం గది వేడికి వచ్చేస్తుంది, బ్యాక్టీరియా పెరిగేది అక్కడే. ఫ్రిజ్‌లో కరగనివ్వాలంటే రెండు, రెండున్నర కిలోలకి 24 గంటలు పడుతుంది. ఒకే గడ్డగా ఉన్న 4 కిలోలని 27 ఉదయం వండాలంటే 25 ఉదయమే ఫ్రీజర్‌లోంచి కిందికి దించాలి. ఆ రోజు వంటగదిలో మీరు చేయాల్సిన విందు పని అదొక్కటే. అన్నిటికన్నా కింది అరలో, ట్రేలో పెట్టండి, లేదంటే కరిగిన నీరు పళ్ళ మీద పడుతుంది. మర్చిపోయారా, నీరు చొరబడని సంచిలో కట్టి చల్లటి నీళ్ళలో ముంచి, అరగంటకోసారి నీళ్ళు మార్చండి. అరకిలోకి సుమారు అరగంట. అలా కరిగించినది వెంటనే వండేయాలి.

ఫ్రిజ్‌కి కూడా ఊపిరాడాలి. లోపల 4 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. మనం పండుగనాడు దాన్ని గోడౌనులా నింపుతాం, గాలి తిరగదు, పైన గడ్డ కడుతుంది, కింద గోరువెచ్చగా ఉంటుంది. ఆ రెండు రోజులూ నీళ్ళ సీసాలు, పానీయాలు ఫ్రిజ్‌లో ఉండకూడదు. బకెట్లో మంచు పోసి అందులో పెట్టండి. పిల్లలు నిమిషానికోసారి ఫ్రిజ్ తలుపు తీయడం కూడా తప్పుతుంది.

వండింది బల్ల మీద 2 గంటలకి మించి ఉండకూడదు. గది 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. ఇది పట్టింపు కాదు. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా వదిలేస్తే మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. “బాగా మరిగించాం కదా” అన్నమాట అక్కడ పనిచేయదు. పెద్ద తపేలా కూరని అలాగే మూతపెట్టి ఫ్రిజ్‌లోకి తోస్తే నడిమి భాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. వెడల్పు గిన్నెల్లోకి, 5 సెంటీమీటర్ల లోతుకి మించకుండా మార్చండి. ఇలా ఉంచింది మూడు నాలుగు రోజులు బాగుంటుంది. తినేటప్పుడు తినేంతే తీసి, పొగలు కక్కేదాకా, అంటే మధ్యలో 74 డిగ్రీలు వచ్చేదాకా వేడి చేయండి.

ఈ 2 గంటల గడువే మిగిలినవి పంచడానికి సరైన ముహూర్తం. డబ్బాలు తెచ్చుకోమని పిలుపులోనే చెప్పండి. 1 గంటకి వడ్డిస్తే 3 గంటలకల్లా డబ్బాలు కట్టేయాలి, మూత మీద తేదీ రాయాలి. మీకూ రెండు డబ్బాలు ఉంచుకోండి. 28న మీ ఇంట్లో పొయ్యి వెలగనక్కర్లేదు. మిగిలిపోయింది అనకండి, దాన్ని 28వ తేదీ వంట అనండి, అప్పుడు విశ్రాంతి లెక్కలోకి వస్తుంది.

కేకు గురించి రెండు మాటలు. ఎండు పళ్ళ కేకుని మూడు వారాల ముందే చేసి పెట్టుకోవచ్చు, పండుగ వారం నుంచి ఒక పూట పని ఎత్తేసినట్టే. మద్యం వాడని ఇళ్ళలో పళ్ళని రసంలో నెలల తరబడి నానబెట్టకండి, పులుస్తాయి. 12 నుంచి 24 గంటలు ఫ్రిజ్‌లో నానితే చాలు. 150 నుంచి 160 డిగ్రీల దగ్గర నెమ్మదిగా కాల్చి, పూర్తిగా చల్లారాకే చుట్టండి. వెచ్చగా ఉండగా చుడితే ఆవిరి నీరై బూజు పడుతుంది. మద్యం లేని కేకుని గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి, ముందు రోజు రాత్రి బయటికి తీయండి.

అంట్లు. మనిషికి పళ్ళెం, గిన్నె, గ్లాసు, రెండు చెంచాలు అంటే 20 మందికి 100 సామాన్లు. ఒక్కోదానికి అర నిమిషం వేసుకున్నా 50 నిమిషాలు, వండిన పాత్రలు కాకుండా. గ్లాసులే అసలు దొంగలు. ఎక్కడో పెట్టి మర్చిపోయి కొత్తది తీసుకుంటారు, 20 మందికి 60 గ్లాసులవుతాయి. ప్రతి గ్లాసుకీ టేపు అంటించి పేరు రాయండి. తోమేది ఎవరన్నది చీటీలతో తేల్చండి, ఆ చీటీల్లో మగవాళ్ళ పేర్లూ ఉండాలి, వండినవాళ్ళ పేర్లు ఉండకూడదు. ముందు గ్లాసులు, తర్వాత పళ్ళేలు, చివర నూనె పాత్రలు. తలకిందులు చేస్తే నీళ్ళు మూడుసార్లు మార్చాలి. కాగితం పళ్ళేలు దుబారా అనేవాళ్ళకి నాదొకటే ప్రశ్న, మీరు తోముతారా?

ఇక నిద్ర. పెద్దవాళ్ళకి రాత్రికి 7 గంటలు కావాలి. 24 రాత్రి అవి దొరకవు. కాబట్టి 22, 23 రాత్రుల్లో ఒక గంట ముందే పడుకోండి. కనీసం నిద్ర అప్పుతో మొదలుపెట్టకుండా ఉండగలం. 25 మధ్యాహ్నం 3 లోపు కునుకు తీయండి, 20 నుంచి 30 నిమిషాలు. గంట దాటితే లేచాక తల బరువెక్కుతుంది, రాత్రి నిద్ర పట్టదు. కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 5 గంటలకి తాగితే రాత్రి 10 గంటలకి సగం ఇంకా ఒంట్లోనే ఉంటుంది.

అర్ధరాత్రి ఆరాధన తర్వాత బండి నడిపేవాళ్ళు ఇది వినాలి. 17 గంటలు ఏకధాటిగా మేలుకుని ఉన్న మనిషి స్పందన, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్పందనలా మందగిస్తుందని ప్రయోగాల్లో తేలింది. పొద్దున 6కి లేచినవాళ్ళకి ఆ 17 గంటలు రాత్రి 11కి నిండుతాయి. ఆ రోజు బండి నడిపేది ఎవరో మధ్యాహ్నమే తేల్చి, వాళ్ళని పడుకోబెట్టండి. చక్రం ముందు కూర్చునేవాళ్ళ కునుకు కుటుంబం మొత్తానిది.

విందు జరిగే ఇంట్లో ఒక గదిని నిశ్శబ్ద గదిగా ఉంచండి. టీవీ వద్దు, కానుకలు అక్కడ పేర్చొద్దు, ముఖ్యంగా ఫోను చార్జర్లు అక్కడ పెట్టొద్దు, అవుంటే జనం వస్తూనే ఉంటారు. చంటిపిల్లలు, పెద్దవాళ్ళు, ఆ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు, జనంలో ఎక్కువసేపు ఉండలేనివాళ్ళు అక్కడ కాసేపు తలుపు దగ్గరేసుకోవచ్చు. ఎందుకు వెళ్ళావని ఎవరూ అడక్కూడదు.

ఇల్లు శుభ్రం గురించి ఒక్క మాటే: వచ్చినవాళ్ళు చూసేది ముందు గది, స్నానాల గది, చేతులు కడుక్కునే చోటు. అటకలు దులపడం ఫిబ్రవరిలో పెట్టుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

ఒక శ్రోత: మా అత్తయ్యగారు ఇన్ని తగ్గింపులు ఒప్పుకోరండీ. అన్ని వంటకాలూ ఉండాల్సిందే అంటారు.

అమ్మా, అన్నీ ఒకేసారి తగ్గించకండి. ఆవిడకి ఇష్టమైన ఒక వంటకం ఏదో అడగండి. అది ఆవిడ చెప్పినట్టే, ఆవిడ చేతి మీదుగానే జరగాలి. దాన్ని ముట్టుకోకుండా మిగతావాటిలో ఈ ఏడాదికి రెండు తీసేయండి. వంట తగ్గిందని ముందే ప్రకటించొద్దు. తిన్నాక ఎవరైనా అడిగారేమో చూసి, అడగకపోతే ఆ సంగతి ఆవిడ దృష్టికి తీసుకెళ్ళండి, అదీ మీ ఆయన నోటితో.

మరో శ్రోత: చెప్పకుండా నలుగురైదుగురు ఎక్కువొస్తే?

వస్తారు, పండుగ కదా. ఇందాక చెప్పిన 20 శాతం ఉంది చూశారూ, 20 మందికి వండిందాంట్లో 24 మందికి ఉంటుంది. ఐదుగురొచ్చినా తక్కువయ్యేది ఒక్క పళ్ళెమే. కూర మొత్తం ఒకేసారి బల్ల మీద పెట్టకుండా సగం లోపల ఉంచి రెండో విడతలో తెండి. గరిటె చిన్నది వేయండి, మాంసం ముందు వడ్డించకుండా అన్నం, పక్క వంటకాల తర్వాత వడ్డించండి. గుడ్లు, బ్రెడ్డు ఇంట్లో ఉంచుకుంటే పది నిమిషాల్లో సర్దుకోవచ్చు. ఆ తక్కువైన ఒక్క పళ్ళెం ఎప్పుడూ చివర తినే మనిషిదే అవుతుంది కాబట్టి, వడ్డన మొదలవకముందే వండినావిడ భోజనం ఒక గిన్నెలో తీసి, మూతపెట్టి, పేరు రాసి పక్కన పెట్టేయండి.